మాలినీ ఫొన్సేకా: సింహళ సినిమా మహారాణి గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మాలినీ ఫొన్సేకా ఎవరు?

శ్రీలంక నటి. 1947 ఏప్రిల్ 30న పుట్టారు, 2025 మే 24న కొలంబోలో కన్నుమూశారు. సింహళంలో 140కి పైగా సినిమాలు చేశారు. నాటకాలు, టీవీ, దర్శకత్వం, చివర్లో కొంతకాలం పార్లమెంటు కూడా ఉన్నాయి. ఆ దేశంలో ఎవరిని అడిగినా "సింహళ సినిమా మహారాణి" అంటే ఆవిడే. ఈ మాట పత్రికల్లోనూ, ప్రభుత్వ ప్రకటనల్లోనూ, బస్సులో పక్క సీటువాళ్ల నోటా ఒకేలా వినిపిస్తుంది.

మన దగ్గర చాలామందికి ఈ పేరు తెలియదు. శ్రీలంక మనకు అంత దగ్గర, వాళ్ల సినిమా మాత్రం అంత దూరం. ఇరాన్ సినిమాలు, కొరియన్ సిరీస్‌లు వెతుక్కుని చూసే మనవాళ్లు కూడా పాల్క్ జలసంధి దాటి అటువైపు తొంగిచూడరు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

అసలు సింహళ సినిమా అని వేరే పరిశ్రమ ఉందా?

ఉంది. దాని పురిటిగది మాత్రం మన దక్షిణాదే. మొదటి సింహళ టాకీ 'కడవును పొరొందువ' 1947 జనవరిలో విడుదలైంది. నిర్మాత ఎస్.ఎం. నాయగం, దర్శకుడు జ్యోతిష్ సిన్హా, తీసింది మదురైలోని స్టూడియోలో. ఆ తర్వాత చాలా ఏళ్లు సింహళ సినిమాలకు మద్రాసు స్టూడియోలే దిక్కు. మన తెలుగు సినిమాలు తయారవుతున్న ఊళ్లోనే వాళ్లవీ తయారయ్యేవి. కథ, పాటల బాణీ, కామెడీ ట్రాక్ చాలావరకు తమిళ, హిందీ సినిమాల నుంచి దించినవే. ఆ తొలి తరం హీరోయిన్ రుక్మిణీదేవి. నటి, గాయని, అసలు పేరు డైసీ డేనియల్స్. 1978లో కారు ప్రమాదంలో చనిపోయారు.

1956లో లెస్టర్ జేమ్స్ పీరిస్ 'రేఖావ' తీశారు. కెమెరాని స్టూడియోలోంచి బయటికి తెచ్చి, పల్లెటూళ్లో పెట్టి, సింహళ పల్లె సింహళ పల్లెలాగే కనబడేట్టు తీసిన సినిమా అది. డబ్బులు రాలేదు, దారి మాత్రం పడింది. 1963లో ఆయన తీసిన 'గంపెరళియ'కు ఢిల్లీ చిత్రోత్సవంలో స్వర్ణ మయూరం వచ్చింది, అంటే అక్కడి పెద్ద బహుమతి.

మాలిని పుట్టింది మొదటి టాకీ వచ్చిన ఏడే. సినిమాల్లోకి వచ్చేసరికి ఆ పరిశ్రమకి రెండు దారులు ఏర్పడి ఉన్నాయి: పాటలూ ఫైట్లూ ఉన్న మాస్ సినిమా ఒకటి, లెస్టర్ వేసిన దారి ఇంకొకటి. ఆవిడ రెండింట్లోనూ నడిచారు. ఈ పేజీలో మిగతా జవాబులన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి.

ఎక్కడ పుట్టారు? సినిమా కుటుంబమేనా?

కొలంబోని ఆనుకుని ఉన్న కెలణియ ప్రాంతం. అక్కడి బౌద్ధ విహారం చాలా ప్రసిద్ధి. తండ్రి గిల్బర్ట్ ఫొన్సేకా, తల్లి సీలావతి. పదకొండు మంది పిల్లలున్న ఇల్లు, మాలిని మూడో సంతానం. సినిమా కుటుంబంగా మారింది ఆవిడ వచ్చాకే. చెల్లెలు దమయంతి ఫొన్సేకా నటి, మేనకోడలు సమనలీ ఫొన్సేకా ఈ తరం నటి.

మాలిని మొదట నాటకాల మనిషి. 1963లో పదహారేళ్ల వయసులో 'నొరత రత' నాటకంతో స్టేజీ ఎక్కారు. 'అకల్ వెస్స' నాటకానికి జాతీయ నాటకోత్సవంలో ఉత్తమ నటి బహుమతి వచ్చింది. దర్శకుడు తిస్స లియనసూరియ, నటుడు జో అబేవిక్రమ ఆ నాటకం చూసే ఆవిణ్ణి సినిమాకి తీసుకున్నారు. అలా 1968లో 'పుంచి బబా' వచ్చింది. పేరుకి అర్థం చంటిబిడ్డ.

స్టేజీ నుంచి వచ్చినవాళ్లలో గొంతు పెంచడం, చేతులు ఎక్కువ ఆడించడం మామూలే. మాలినిలో ఆ పోకడ దాదాపు కనబడదు. గొంతు దించి మాట్లాడేవారు. ఎదుటివాళ్లు డైలాగ్ చెబుతున్నప్పుడు ఆవిడ వినే తీరు చూస్తే చాలు, ఎలాంటి నటో తెలుస్తుంది.

గామిణి ఫొన్సేకాకి ఈవిడ ఏమవుతారు?

ఏమీ కారు. చెల్లెలా, భార్యా అని ఇంటర్నెట్‌లో ఇప్పటికీ అడుగుతూనే ఉంటారు. ఫొన్సేకా పోర్చుగీసు వాళ్ల కాలం నుంచి వచ్చిన ఇంటిపేరు. పెరేరా, సిల్వా, ఫెర్నాండోలాగా శ్రీలంకలో వీధికి నలుగురు ఉంటారు. గామిణి ఆ పరిశ్రమ అతిపెద్ద హీరో. తర్వాత పార్లమెంటులో డిప్యూటీ స్పీకర్ అయ్యారు, 2004లో మరణించారు. వీళ్లిద్దరూ కలిసి చేసిన ఒక సినిమా మాత్రం శ్రీలంక సినిమా చరిత్రలోనే మొదటి వరసలో ఉంటుంది. అది కింద.

'నిధానయ' అంత గొప్పదా?

అవును. 1972లో లెస్టర్ జేమ్స్ పీరిస్ తీసిన సినిమా. అదే ఏడాది వెనిస్‌లో బహుమతి గెలిచింది. 1997లో సింహళ సినిమాకి యాభై ఏళ్లు నిండినప్పుడు ఆ అర్ధ శతాబ్దపు ఉత్తమ చిత్రంగా దీన్నే ఎంచారు. జి.బి. సేనానాయక కథకి స్క్రీన్‌ప్లే రాసింది తిస్స అబేసేకర, సంగీతం ప్రేమసిరి కేమదాస, కెమెరా ఎం.ఎస్. ఆనందన్.

కథ నాలుగు మాటల్లో. విల్లీ అబేనాయక (గామిణి) పాత జమీందారీ కుటుంబం వాడు. పెద్ద బంగళా ఉంది, లోపల అప్పులు. వాళ్ల వంశానికి సంబంధించిన ఒక గుప్తనిధి ఉందని, అది దక్కాలంటే మెడ మీద నాలుగు పుట్టుమచ్చలున్న కన్యని బలివ్వాలని అతనికి తెలుస్తుంది. అలాంటి అమ్మాయి కంటపడుతుంది కూడా. ఆవిడే ఐరీన్, అంటే మాలిని. విల్లీ ఆమెతో పరిచయం పెంచుకుంటాడు, పెళ్లి చేసుకుంటాడు. చంపడానికి చేసుకున్న పెళ్లి అది. చిక్కేమిటంటే ఐరీన్ మంచి భార్య అవుతుంది.

గామిణి పాత్ర గురించి విమర్శకులు పేజీలకి పేజీలు రాశారు. రాయాల్సిందే. కథ మొత్తం అతని వైపు నుంచే నడుస్తుంది, అతని పశ్చాత్తాపం మనం చెవులతో వింటాం. ఐరీన్‌కి ఆ సౌకర్యం లేదు. ఆమె మనసులో ఏముందో ఎవరూ చెప్పరు. మొగుడు తనని ఎందుకు అలా చూస్తున్నాడో ఆమెకి తెలియదు, మనకి తెలుసు. ఇలాంటి పాత్రని మామూలు నటి చేస్తే రెండే దారులు: అమాయకత్వం ఒలకబోయడం, లేదంటే ఏదో అనుమానం వచ్చినట్టు కళ్లు తిప్పడం. మాలిని రెండూ చెయ్యలేదు. కొత్తగా పెళ్లయి పెద్దింటికి వచ్చిన మధ్యతరగతి అమ్మాయి ఎంత సంతోషంగా, ఎంత బెరుగ్గా ఉంటుందో అంతే ఉంటుంది ఐరీన్. భర్త మీద ప్రేమ మెల్లగా పెరుగుతుంది. సినిమాలో భయం పుట్టేది అక్కడే. విల్లీ చేతిలో కత్తి కన్నా ఐరీన్ నవ్వు ఎక్కువ భయపెడుతుంది.

ఆఖర్లో విల్లీ ఆమెని పూజకని నమ్మించి కొండరాళ్ల దగ్గరికి తీసుకెళ్తాడు. ఐరీన్ భక్తిగా మోకరిల్లుతుంది. మెడ మనకి కనబడుతుంది. ఆ నాలుగు మచ్చల్ని సినిమా మొదటి నుంచి గుర్తుపెట్టుకున్న ప్రేక్షకుడికి ఆ షాట్ చూడడం కష్టం. తర్వాత నిధి దొరికిందా లేదా అన్నది ఇక్కడ చెప్పను. యాభై ఏళ్లు దాటిన సినిమాకి స్పాయిలర్ ఏమిటని మీరు అనొచ్చు, కానీ మనలో చూసినవాళ్లు చాలా తక్కువ.

అంటే ఆర్ట్ సినిమాల నటా?

విదేశీ పత్రికలు అలాగే రాస్తాయి. అది సగం నిజం. 140 సినిమాల్లో ఫెస్టివల్స్‌కి వెళ్లినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతావన్నీ సాయంత్రం ఆటకి కుటుంబంతో వెళ్లి ఏడ్చి, నవ్వి, పాటలు పాడుకుంటూ ఇంటికొచ్చే సినిమాలు. గామిణితో, విజయ కుమారతుంగతో, రవీంద్ర రందెనియతో ఆవిడ జంట అంటే 1970లలో టికెట్లు తెగేవి.

ఇద్దరు మాలినీలు లేరు. శ్రీలంక ప్రేక్షకుడికి 'నిధానయ' ఐరీన్‌ని నమ్మించింది ఆ మాస్ సినిమాల మాలినీయే. జనం అప్పటికే తమ ఇంటి అమ్మాయిలా చూసుకున్న మొహాన్ని లెస్టర్ తీసుకెళ్లి బలిపీఠం ముందు కూర్చోబెట్టారు. ఆ పాత్రలో కొత్త నటి ఉంటే సినిమా బాగుండేదేమో గానీ అంత గుచ్చుకునేది కాదు. ఇది నా అభిప్రాయం. దీన్ని ఒప్పుకోని లంక మిత్రులు ఉన్నారు. ఆవిడ టాలెంట్‌లో ముప్పాతిక వంతు ఆ కమర్షియల్ సినిమాల్లో కరిగిపోయిందని వాళ్ల బాధ.

లెస్టర్‌తో ఇంకేం చేశారు?

'నిధానయ' కన్నా ముందే 1970లో 'అక్కర పహ' ఉంది, అంటే అయిదెకరాలు. ప్రభుత్వం వ్యవసాయ కాలనీల్లో రైతు కుటుంబాలకి భూమి ఇచ్చిన రోజుల కథ. పల్లె నుంచి పట్నానికి చదువుకోడానికి పంపిన కొడుకు అక్కడా ఇమడలేక, ఇక్కడా ఇమడలేక నలగడం. మన పల్లెల్లో ఆ తరం వాళ్లెవరికైనా చూపిస్తే కథ ముందే తెలుసంటారు.

తర్వాత 1980ల మొదట్లో 'బెద్దేగమ'. దీని వెనక చరిత్ర ఆసక్తిగా ఉంటుంది. వర్జీనియా వుల్ఫ్ భర్త లెనార్డ్ వుల్ఫ్ పెళ్లికి ముందు సిలోన్‌లో బ్రిటిష్ అధికారి. దక్షిణాన హంబన్‌తోటలో 1908 నుంచి 1911 దాకా పనిచేశారు. అక్కడి అడవి పల్లెల్ని చూసి రాసిన నవల 1913లో వచ్చింది, ఈ సినిమాకి మూలం అదే. తెల్లదొర రాసినా, పాలించేవాడి వైపు నుంచి కాకుండా వేటగాడు సిలిందు, అతని కూతుళ్లు పుంచిమెణిక, హిన్నిహామిల వైపు నుంచి రాశాడు. గ్రామ మునసబు కక్ష గడితే అప్పు పుట్టదు, పోడు చేసుకోడానికి పర్మిట్ రాదు. కోర్టులో మాట్లాడే భాష వీళ్లకి అర్థం కాదు. ఊరు ఊరే కరిగిపోతుంది.

మాలిని పుంచిమెణిక. మొగుడు జైలుకి పోతాడు, తిరిగి రాడు. తండ్రి పోతాడు. ఊళ్లో ఇళ్లు ఒక్కొక్కటిగా ఖాళీ అవుతాయి, అడవి గుమ్మాల దాకా వస్తుంది, చివరికి ఆ ఒక్క మనిషి మిగులుతుంది. తెర మీద అలంకరణ లేదు, ఒంటిమీద మాసిన గుడ్డ. పోస్టర్ల మీద పువ్వులు పెట్టుకుని నవ్వే స్టార్ ఈ పాత్రకి ఒప్పుకోవడమే ఒక విశేషం. తండ్రి సిలిందుగా చేసింది జో అబేవిక్రమ, ఆవిణ్ణి మొదటి సినిమాకి పట్టుకొచ్చిన ఆ జోనే.

ఇంకో చిన్న సంగతి. ఈ సినిమాలో లెనార్డ్ వుల్ఫ్ పాత్ర వేసింది సైన్స్ ఫిక్షన్ రచయిత ఆర్థర్ సి. క్లార్క్. ఆయన శ్రీలంకలోనే స్థిరపడ్డారు కదా, మిత్రులు అడిగితే కాదనలేదు.

పతిరాజ సినిమాల గురించి విన్నాను. అవేమిటి?

ధర్మసేన పతిరాజ లెస్టర్ తర్వాతి తరం దర్శకుడు. లెస్టర్ కుటుంబాల్లోకి చూస్తే, పతిరాజ వీధుల్లోకి చూశారు. నిరుద్యోగం, వర్గం, కోపం. ఇలాంటి దర్శకుడు సాధారణంగా స్టార్లకి దూరంగా ఉంటాడు. ఈయన మాత్రం మాలినిని, విజయ కుమారతుంగని మళ్లీ మళ్లీ తీసుకున్నారు.

'ఎయా దన్ లొకు లమయెక్' (ఆమె ఇప్పుడు పెద్దపిల్ల) సినిమాలో నటనకి మాస్కో చిత్రోత్సవంలో మాలినికి ప్రత్యేక బహుమతి వచ్చింది.

1978లో 'బంబరు ఆవిత్', అంటే కందిరీగలొచ్చాయి. ఇది తప్పక చూడాల్సింది. కల్పిటియ వైపు సముద్రపు ఒడ్డున చేపలు పట్టేవాళ్ల ఊరు. అక్కడ సరుకంతా ఒక ముదలాలి చేతిలో ఉంటుంది, మన దగ్గర సావుకారు లాంటివాడు. కొలంబో నుంచి విక్టర్ (విజయ) అనే కుర్రాడు స్నేహితులతో దిగుతాడు. డబ్బుంది, కారుంది, గిటారుంది, వ్యాపారం చేద్దామన్న ఆలోచనుంది. ఊళ్లో హెలెన్ (మాలిని) ఉంది. ఆమెకి సిరిల్ అనే జాలరి కుర్రాడితో పెళ్లి అనుకున్నారు. విక్టర్ కన్ను ఆమె మీద పడుతుంది.

పట్నం నుంచి వచ్చిన అందగాడు, పల్లెపిల్ల, ప్రేమ: ఇదే కథని అదే జంటతో కమర్షియల్ దర్శకుడు తీస్తే నాలుగు డ్యూయెట్లు వచ్చేవి, ప్రేక్షకుడు విక్టర్ వైపు ఉండేవాడు. పతిరాజ ఆ అలవాటునే పట్టుకుని తిప్పికొట్టారు. విజయ అందంగానే ఉంటాడు, మాలిని అందంగానే ఉంటుంది, కానీ వాళ్లిద్దరూ దగ్గరైన కొద్దీ మనకి కడుపులో ఇబ్బందిగా ఉంటుంది, ఎందుకంటే మూల్యం ఎవరు చెల్లించాలో తెలిసిపోతుంది. హెలెన్‌ని బాధితురాలిగా మాత్రమే చూపించకుండా, ఆమెకీ ఊరు దాటాలన్న ఆశ ఉందని మాలిని చెప్పకనే చెబుతారు. చివర్లో విక్టర్ బృందంలోని చదువుకున్న విప్లవ కుర్రాడు సమానత్వం గురించి ఉపన్యాసం ఇస్తాడు. వినేవాళ్లు ఉండరు. మన కాలేజీ రోజుల యూనియన్ మీటింగులు గుర్తొచ్చి నవ్వొస్తుంది, కాసేపటికి ఆ నవ్వు ఆగిపోతుంది.

1981లో 'సొల్దాదు ఉన్నెహె'. రెండో ప్రపంచయుద్ధంలో పోరాడి ఇప్పుడు వీధినపడ్డ ముసలి సిపాయి, ఒక వేశ్య, ఒక తాగుబోతు, ఒక జేబుదొంగ. ఊరంతా స్వాతంత్ర్య దినోత్సవం హడావిడిలో ఉంటే ఈ నలుగురి కథ. సిపాయి జో, వేశ్య మాలిని. అప్పటికి ఆవిడ దేశంలోకెల్లా పెద్ద హీరోయిన్ అన్న సంగతి మర్చిపోకండి.

శ్రీదేవితో నటించారా?

నటించారు, 1978లో. శివాజీ గణేశన్ హీరోగా ఎ.సి. తిరులోకచందర్ తీసిన తమిళ సినిమా 'పైలట్ ప్రేమ్‌నాథ్'. భారత్–శ్రీలంక ఉమ్మడి నిర్మాణం, షూటింగ్ చాలావరకు లంకలోనే. శివాజీ భార్యగా మాలిని, కూతురుగా శ్రీదేవి. అదే ఏడాది మనం శ్రీదేవిని 'పదహారేళ్ల వయసు'లో హీరోయిన్‌గా చూశాం. ఎం.ఎస్. విశ్వనాథన్ సంగీతంలో 'ఇలంగైయిన్ ఇళంకుయిల్' అన్న పాట శివాజీ, మాలిని మీద ఉంటుంది. తమిళ పాత పాటల అభిమానులకి ఆవిడ మొహం తెలిసింది ఆ పాటతోనే. సినిమాగా గొప్పదేం కాదు, పాట కోసం చూడొచ్చు.

అంత పెద్ద స్టార్ టీవీకి ఎందుకు వచ్చారు?

ఆవిడొక్కరే రాలేదు, దాదాపు పరిశ్రమ మొత్తం వచ్చింది. కారణాలు ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి.

1979లో శ్రీలంకలో టీవీ ప్రసారాలు మొదలయ్యాయి. 1982లో ప్రభుత్వ జాతీయ చానల్ రూపవాహిని వచ్చింది. 1977 తర్వాత ఆర్థిక విధానం మారి దిగుమతులకి తలుపులు తెరుచుకోవడంతో టీవీ సెట్లు ఇళ్లలోకి వచ్చేశాయి. అక్కడి టీవీ సీరియల్‌ని టెలీడ్రామా అంటారు. మన డైలీ సీరియల్‌తో పోల్చకండి. ఆ తొలి రోజుల్లో వారానికో ఎపిసోడ్, పరిమితమైన కథ, సినిమా దర్శకులూ నవలా రచయితలూ పనిచేసేవారు. జనం ఇంట్లోనే మంచి నాటకం చూడగలిగితే హాలుకి ఎందుకెళ్తారు?

తర్వాత 1983 జులై. తమిళుల మీద జరిగిన హింసలో సినిమా పరిశ్రమ కూడా కాలింది. సింహళ సినిమాలో పెట్టుబడి, స్టూడియోలు, టెక్నీషియన్లలో తమిళుల భాగం చాలా పెద్దది. మదురైలో మొదటి సినిమా తీసిన నాయగం నుంచి 'నిధానయ' కెమెరామన్ ఆనందన్ దాకా చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. కె. గుణరత్నం గారి విజయా స్టూడియోని హెందలలో తగలబెట్టారు. లోపలున్న నెగెటివ్‌లు పోయాయి. సింహళంలో హిట్లు తీసిన తమిళ దర్శకుడు కె. వెంకట్‌ని చంపేశారు. సింహళ ప్రేక్షకులు ఏ సినిమాలు చూసి పెరిగారో, ఆ సినిమాలు తీసినవాళ్లకే ఇది జరిగింది. ఆ తర్వాత యుద్ధం, కర్ఫ్యూలు, బాంబులు. రాత్రి ఆటలకి జనం రావడం తగ్గిపోయింది. 1988 ఫిబ్రవరిలో మాలిని జతగా అన్ని సినిమాలు చేసిన విజయ కుమారతుంగని ఆయన ఇంటి బయటే కాల్చి చంపారు. అప్పటికి ఆయన రాజకీయ నాయకుడు కూడా, తర్వాత దేశాధ్యక్షురాలైన చంద్రికా కుమారతుంగ భర్త.

ఇంత జరిగాక సినిమా పాతరోజుల్లోలా ఉండదు. మాలిని టెలీడ్రామాల్లో నటించారు, 'నిరుపమాల' టెలీడ్రామాకి స్వయంగా దర్శకత్వం వహించారు. 1980ల తర్వాత పుట్టిన లంక పిల్లలకి ఆవిడ ముందు టీవీ అమ్మగానే తెలుసు. పాత సినిమాల హీరోయిన్ అని తర్వాత తెలిసింది.

సినిమాలకి కూడా దర్శకత్వం చేశారా?

చేశారు. 'ససర చేతనా' (1984), 'అహింసా' (1987), 'స్త్రీ' (1991), 'సందమాల' (1994). ఇవి జనం కోసం తీసిన కుటుంబ కథలు. దర్శకురాలిగా ఆవిడకి నటిగా ఉన్నంత పేరు లేదు.

మొదటి మహిళా దర్శకురాలు ఈవిడేనా అని కూడా అడుగుతారు. ఆ పేరు ఎక్కువగా లెస్టర్ భార్య సుమిత్రా పీరిస్‌కి ఇస్తారు. ఆవిడ 'గెహెను లమయి' 1978లో వచ్చింది. ముంబైలోని ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ దాన్ని బాగుచేయించి 2025 మేలో కాన్ చిత్రోత్సవంలో చూపించింది. ఇటు మాలిని పోయిందీ అదే నెలలో.

పెళ్లి, పిల్లలు?

నటుడు లక్కీ డయాస్‌ని పెళ్లి చేసుకున్నారు, తర్వాత విడిపోయారు. ఇంతకు మించి ఈ పేజీలో అవసరం లేదు.

వయసు మీదపడ్డాక చేసినవాటిలో చూడదగ్గవి?

రెండు. మొదటిది 2002లో లెస్టర్ తీసిన 'వేకంద వలవ్వ'. చెహోవ్ 'చెర్రీ తోట'ని శ్రీలంక బంగళాకి మార్చి తీశారు. విదేశం నుంచి తిరిగొచ్చిన ఇల్లాలు, అప్పుల్లో ఉన్న ఇల్లు, అమ్మక తప్పని పరిస్థితి. ఆస్కార్‌కి శ్రీలంక పంపిన మొదటి సినిమా ఇదే. 'నిధానయ'లో కోడలిగా బంగళాలో అడుగుపెట్టిన మాలిని, ముప్పై ఏళ్ల తర్వాత అదే దర్శకుడి సినిమాలో బంగళా పోగొట్టుకునే యజమానురాలు. లెస్టర్ ఆఖరి సినిమా 'అమ్మావరునే'లోనూ ఆవిడే ఉన్నారు.

రెండోది ప్రసన్న వితానగె తీసిన 'ఆకాస కుసుమ్' (2008). ఆ తర్వాత మలయాళ నటులతో 'పారడైజ్' తీసింది ఈయనే, దాన్ని మణిరత్నం సంస్థ సమర్పించింది కాబట్టి మనవాళ్లు కొందరికి తెలిసి ఉంటుంది.

'ఆకాస కుసుమ్'లో మాలిని పాత్ర పేరు సంధ్యారాణి. ఒకప్పటి వెండితెర రాణి, ఇప్పుడెవరూ పిలవరు. ఇల్లు గడవడానికి తన ఇంట్లో ఒక గదిని ఈ తరం టీవీ, సినిమా తారలకి రహస్యంగా కలుసుకోడానికి అద్దెకిస్తుంది. ఒకరోజు అది బయటపడి టీవీలకెక్కుతుంది. అవమానం జరుగుతుంది, దాంతోపాటే అన్నేళ్లుగా లేని గుర్తింపు కూడా వస్తుంది. మరోపక్క కరావోకే బార్‌లో పనిచేసే ఒక అమ్మాయి కథ నడుస్తుంది. ఆ అమ్మాయికీ సంధ్యారాణికీ సంబంధం ఏమిటన్నది సినిమా మెల్లగా విప్పుతుంది.

నిజంగా మహారాణి అనిపించుకున్న నటి, మర్చిపోయిన మహారాణిగా వెయ్యాలంటే ధైర్యం కావాలి. మాలినిని ఎవరూ మర్చిపోలేదు, పాత్ర వేరు, మనిషి వేరు. అయినా చూసేవాళ్లు పోల్చక మానరని ఆవిడకి తెలుసు. మేకప్ లేని మొహంతో, ఇంటావిడ నైటీలో, అద్దె డబ్బులు లెక్కపెట్టుకునే ఆడమనిషిగా కెమెరా ముందు కూర్చున్నారు. జాలి అడగలేదు. నా లెక్కలో ఐరీన్ తర్వాత ఆవిడ చేసిన పెద్ద పాత్ర ఇదే.

అవార్డుల సంగతి?

లేక్ హౌస్ పత్రికా సంస్థ 1964లో మొదలుపెట్టిన సరసవియ అవార్డులు అక్కడ చాలా ముఖ్యం, మన ఫిల్మ్‌ఫేర్ లాంటివి. ఉత్తమ నటిగా ఆవిడ వాటిని ఒకటికి మించి సార్లు తీసుకున్నారు, పాఠకులు ఓటేసే జనాదరణ అవార్డులు ఇంకా ఎక్కువసార్లు. 2010లో సీఎన్ఎన్ వేసిన ఆసియా అత్యుత్తమ నటీనటుల పాతికమంది జాబితాలో ఆవిడ పేరుంది. మీనాకుమారి, నర్గిస్, అమితాబ్ బచ్చన్ ఉన్న జాబితా అది.

రాజకీయాల్లోకి ఎలా వచ్చారు?

2010 ఎన్నికల తర్వాత అప్పటి అధ్యక్షుడు మహింద రాజపక్స కూటమి నేషనల్ లిస్ట్ నుంచి ఎంపీగా నియమించింది. అంటే నియోజకవర్గంలో పోటీ చెయ్యకుండా పార్టీ ఓట్ల శాతాన్ని బట్టి దక్కే సీటు. 2015 దాకా ఉన్నారు. ఆవిడ అభిమానుల్లో అన్ని పార్టీలవాళ్లూ ఉన్నారు, కొందరికి ఇది నచ్చలేదు. ఆవిడ పోయినప్పుడు ప్రభుత్వం మారి ఉంది, వేరే పార్టీ అధికారంలో ఉంది. వీడ్కోలులో మాత్రం తేడా రానివ్వలేదు.

ఆ వీడ్కోలు ఎలా జరిగింది?

కొలంబోలోని ప్రైవేటు ఆసుపత్రిలో చికిత్స పొందుతూ 78 ఏళ్ల వయసులో పోయారు. భౌతికకాయాన్ని నేషనల్ ఫిల్మ్ కార్పొరేషన్ ఆవరణలోని తరంగణి హాల్లో ఉంచారు. మే 26న ఇండిపెండెన్స్ స్క్వేర్‌లో పూర్తి ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు చేశారు.

సింహళ నటీమణుల్లో ఇంకా ఎవరిని చూడాలి?

'గంపెరళియ' కోసం పుణ్య హీందెనియ. 'మల్దెనియె సిమియోన్'లో అనోజా వీరసింహ, ఆ పాత్రకి 1987లో ఢిల్లీలో రజత మయూరం వచ్చింది. స్వర్ణా మల్లవారచ్చి ఏం చేసినా. 'గెహెను లమయి'లో స్కూలు పిల్లగా వసంతి చతురాణి.

మాలిని సినిమాలు ఎక్కడ మొదలుపెట్టాలి?

చాలామంది 'నిధానయ'తో మొదలుపెట్టమంటారు. నేను 'బంబరు ఆవిత్' అంటాను. సముద్రం ఉంది, మన కోస్తా ఊళ్ల వాసన తగులుతుంది, స్టార్ జంట ఎలా ఉండేదో తెలుస్తుంది. అది నచ్చితే 'నిధానయ', తర్వాత 'ఆకాస కుసుమ్'. మధ్యలో ఏదో ఒక రంగుల కమర్షియల్ సినిమా కూడా చూడండి, లేకపోతే జనం ఎందుకంత ప్రేమించారో అర్థం కాదు.

పాత సింహళ సినిమాలు చాలావరకు యూట్యూబ్‌లో దొరుకుతాయి. సింహళ లిపిలో వెతికితే ఎక్కువ వస్తాయి, పేరు ఇంగ్లిష్‌లో కొడితే స్పెల్లింగు రకరకాలుగా ఉంటుంది. సబ్‌టైటిల్స్ ఉన్న ప్రింటు కోసం కాస్త ఓపిగ్గా వెతకాలి. ప్రింట్లు గీతలు పడి, శబ్దం గరగరలాడుతూ ఉంటాయి. హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి, ఆవిడ గొంతు చాలా చిన్నగా ఉంటుంది.